హద్రా గుంజకు పసుపు

పోయిన వారం హాజీ మన్సూర్ వేళ్లకు పసుపు అంటిన చోట ఆగాం. ఆ వేళ్లు ఇంకా గాల్లోనే ఉన్నాయి, ఆయన ఇంకా వాటివంకే చూస్తున్నాడు. ఈలోగా కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను. పాతవాళ్లు విసుక్కోకండి. "ఆ తల్లిని చంపేస్తే మీ సీరియల్ చదవడం మానేస్తాం" అని బెదిరించినవారు కూడా కాస్త ఓపిక పట్టండి.

1996 మార్చి. బహ్రెయిన్‌లో సిత్రా ఒడ్డున హాజీ మన్సూర్‌కి ఒక హద్రా ఉంది. హద్రా అంటే సముద్రంలో గుంజలు పాతి, ఇనప జాలీ కట్టిన పెద్ద దడి. పోటుతో పాటు లోపలికి వచ్చిన చేపలు, ఆటు తీసేసరికి వెనక్కి దారి తెలియక చివరనున్న గుండ్రటి దొడ్డిలో ఇరుక్కుంటాయి. అందులో పనిచేసేది ఇద్దరు తెలుగువాళ్లు. ఒకరు పేరయ్య, ఉప్పాడ దగ్గర పుట్టి వలల మధ్యనే నెరిసినవాడు. రెండోవాడు రాజనర్సు, జగిత్యాల పక్క పల్లెవాడు. మేస్త్రీ పనికని వచ్చాడు, కంపెనీ మూతపడింది, హాజీ చేరదీశాడు. అంతకుముందు అతను నీళ్లంటే బావిలో చూసినవే.

మొన్నటి పోటుకు ఆ దొడ్డిలోకి ఒక తల్లీ పిల్లా వచ్చాయి. చేపలు కావు. అరబ్బులు దాన్ని సముద్రపు ఆవు అంటారు. నీళ్ల అడుగున గడ్డి మేసి, ఊపిరి కోసం పైకి వచ్చి, పిల్లకు రొమ్ము పాలిచ్చే సాధు ప్రాణి. దానికి కోర కొమ్ముల గొడవ లేదు, కోపం లేదు. అలాంటిదాన్ని కొనడానికి ఒకడు సిద్ధంగా ఉన్నాడు. గుదైబియాలో కెఫెటీరియా నడిపే మన వెంకటరాజు. ముందు గదిలో టీ, పరోటా. వెనక గదిలో ఫ్రీజర్లు. పోయిన నెల ఒకదాని మాంసం అమ్ముడయ్యేసరికి రుచి మరిగాడు, మందనంతా పట్టి అమ్మాలని చూస్తున్నాడు. తన బండి వచ్చేదాకా తల్లినీ పిల్లనీ దొడ్డిలోనే ఉంచమన్నాడు.

నిన్న సాయంత్రం రాజనర్సు ఒక్కడే వెళ్లి, దొడ్డి వెనక జాలీ కట్లు తెంచి రెండింటినీ వదిలేశాడు. ఈ సంగతి అతనికీ, మనకీ తప్ప ఇంకెవరికీ తెలియదు. పొద్దున్నే వచ్చిన పేరయ్య తెరిచి ఉన్న జాలీని చూసి, గంగమ్మ తల్లే వచ్చి విడిపించిందనుకున్నాడు. వాళ్ల ఊళ్లో వలలో తాబేలు పడితే బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, మళ్లీ నీళ్లలో వదులుతారు. ఆ అలవాటు కొద్దీ గుంజకు పసుపు రాశాడు, కుంకం బొట్లు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు. భక్తి మంచిదే. కానీ దొంగతనం జరిగిన ఇంటి గుమ్మానికి, దొంగతనం చెయ్యనివాడు వెళ్లి తోరణం కట్టినట్టయింది.

ఇక చూడండి.

* * *

"సిహ్ర్!" అన్నాడు హాజీ మన్సూర్.

మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఉన్నాడు. అరవై ఏళ్ల మనిషి. ఎండకి నల్లబడిన ముఖం. పొడుగాటి తోబు అంచు నడుముకి దోపుకుని, పసుపు అంటిన చేతిని ఒంటికి దూరంగా పట్టుకున్నాడు. సిహ్ర్ అంటే చేతబడి. ఆ దేశంలో ఆ మాట సరదాకి అనరు. దాని వెనకే పోలీసులు వస్తారు.

గుంజ చుట్టూ పసుపు. దాని మీద ఎర్రటి చుక్కలు. గుంజ మొదట్లో రెండు కొబ్బరి చిప్పలు. వెనక ఖాళీ దొడ్డి. ఏమీ తెలియనివాడు చూస్తే ఎవరో తన పొట్ట కొట్టడానికి మంత్రం పెట్టారనే అనుకుంటాడు. హాజీని ఏమనగలం?

"వెంకట్! వీళ్లు మీ దేశంవాళ్లు. ఇదేమిటో నువ్వు చెప్పు" అన్నాడు అరబ్బీలో.

వెంకటరాజు గట్టున నిలబడి ఉన్నాడు. బూట్లు తడుస్తాయని నీళ్లలోకి దిగలేదు. అతనికి ఆ పసుపు ఏమిటో తెలియదా? వాళ్లమ్మ గడపకు పసుపు రాయని శుక్రవారం ఒక్కటైనా ఉందా? అతని కెఫెటీరియా గల్లాపెట్టె మీద కూడా బొట్టుంది, నేనెరుగుదును. అయినా ఒక్క క్షణం ఆలోచించి, పెదవి విరిచి అన్నాడు:

"మా వైపు క్షుద్రం చేసేవాళ్లు ఇలాగే పెడతారు హాజీ. చేపలు పడకుండా కట్టేస్తారు. చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది."

అంత మాట అనడానికి ఆ నోరు ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేరయ్య అక్కడున్నంతకాలం ఆ జంతువుల మీద చెయ్యి వెయ్యనివ్వడని అతనికి తెలుసు. పేరయ్య పోతే దారి సుగమం. లెక్క అదీ.

పేరయ్యకి వచ్చిన అరబ్బీ అంతా చేపల పేర్లూ, ఆటుపోట్లూ, "యల్లా"నూ. కానీ సిహ్ర్ అన్న మాట అతనికి అర్థమైంది. ముఖం పాలిపోయింది.

"అయ్యబాబోయ్, కాదండీ! నేనే పెట్టానండీ, కానీ అది... గంగమ్మకండీ... దణ్ణం..." అని చేతులు జోడించి చూపించాడు.

"నేనే పెట్టాను అంటున్నాడు" అని వెంకటరాజు తర్జుమా చేశాడు. మిగతాది మింగేశాడు.

రాజనర్సు జాలీ పక్కన నిలబడి ఇదంతా చూస్తున్నాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. తీగ తెంచినప్పుడు అరచేతులు చీరుకుపోయాయి మరి. నోరు విప్పితే హాజీ ఇంటికి పంపేస్తాడు, వీసా ఇచ్చిన కఫీల్ ఆయనే. ఇంటి దగ్గర ఉబ్బసంతో తల్లి ఉంది, ఆమె మందులన్నీ ఇక్కడి జీతం మీదే. నోరు విప్పకపోతే ఈ పెద్దాయన చేతబడి చేసినవాడిగా పోలీసుల పాలవుతాడు.

ముందు మాట వచ్చింది గట్టు వైపు నుంచి. లోవమ్మది.

లోవమ్మ తుని పక్కావిడ. హాజీ ఇంట్లో వంటా, ఇంటిపనీ ఆమే. ఆ మధ్యాహ్నం పికప్‌లో మగవాళ్లకి అన్నం తెచ్చింది. హాజీ భార్యతో, కోడళ్లతో ఏళ్ల తరబడి వంటింట్లో మసిలి నేర్చుకున్న అరబ్బీ ఆమెది. వ్యాకరణం ఉండదు గానీ, దడ ఉండదు. అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని, పొడుగు గౌను తడుస్తున్నా లెక్కచెయ్యకుండా నీళ్లలోకి దిగి సరాసరి హాజీ ముందుకి వచ్చి నిలబడింది.

"బాబా, వేళ్లు వాసన చూడు" అంది.

"ఏమిటీ?"

"ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడు బాబా. సిహ్ర్‌కి మసాలా వాసనొస్తుందా?"

హాజీ జంకుతూనే వేళ్లు ముక్కు దగ్గరికి తెచ్చాడు. ఆమె గిన్నె మూత తీసింది. లోపల పొగలు కక్కుతూ పచ్చటి మచ్బూస్ అన్నం.

"కుర్కుమ్, ఉత్త పసుపు! నీ అన్నంలో నేను రోజూ వేసేదే. పొద్దున్న పేరయ్య అడిగాడు, నీ వంటింటి డబ్బాలోంచి నేనే తీసిచ్చాను. ఇది సిహ్ర్ అయితే నువ్వు పదేళ్ల నుంచీ సిహ్ర్ తింటున్నావు బాబా!"

హాజీ ఇంకోసారి వాసన చూశాడు. అన్నం వంక చూశాడు. మీసం ఒక పక్కకి కదిలింది. అది నవ్వో కాదో తేల్చుకునేలోగా మళ్లీ బిగుసుకుంది.

"మరి ఎందుకు రాశాడు?"

"కృతజ్ఞతకి. మా ఊళ్లల్లో ప్రాణం దక్కితే దేవుడికి అలా చెప్పుకుంటాం" అని, తెలుగులోకి తిరిగి వెంకటరాజుని కడిగేసింది. "ఏటయ్యా రాజుగారూ, నోరెలా వచ్చిందయ్యా నీకు? మీ అమ్మ ముకాన పసుపు సూడలేదేటి నువ్వు? బొట్టుని అట్టుకుని సేతబడంటావా? కళ్లు పోతాయి!"

వెంకటరాజు తడబడ్డాడు, కానీ పడిపోలేదు. వ్యాపారం చేసేవాడు కదా, ఒక సరుకు పోకపోతే ఇంకోటి తీస్తాడు.

"సరే హాజీ, పసుపే అనుకుందాం. దొడ్డి తెరిచిందెవరు? ప్రాణం దక్కిందని మొక్కుకున్నవాడికి, దక్కించిందెవరో తెలియకుండా ఉంటుందా?"

ఈ దెబ్బ సూటిగా తగిలింది. హాజీ పేరయ్య వైపు తిరిగాడు. జాలీ వైపు చెయ్యి చూపించి, హిందీలో అడిగాడు, "నువ్వేనా తీసింది?"

"గంగమ్మ తీసిందండీ" అన్నాడు పేరయ్య. అబద్ధం ఆడలేదు, అతను నిజంగా అదే నమ్మాడు. "నేనొచ్చేతలికే తీసుందండీ. అమ్మతోడు."

లోవమ్మ చెప్పింది. హాజీకి ఆ సమాధానం నచ్చలేదు. ఏ యజమానికి నచ్చుతుంది? రాత్రి పట్టు అంతా పోయింది, కట్టిన జాలీ చిరిగింది, అడిగితే దేవత పేరు చెబుతున్నాడు.

"నీ పాస్‌పోర్టు రేపు ఇచ్చేస్తాను. మీ దేశం వెళ్లిపో. ఖలాస్" అన్నాడు.

పేరయ్య వెనక్కి తిరిగాడు. తల వంచుకుని గుంజకి దణ్ణం పెట్టాడు. వెళ్లిపోమన్నందుకు కాదు, వెళ్లేముందు చెప్పిపోవాలి కనుక. అది చూశాక రాజనర్సు ఇక ఉండలేకపోయాడు.

"గంగమ్మ గాదు కాకా" అన్నాడు. గట్టిగా మళ్లీ అన్నాడు. "గంగమ్మ గాదు. నేను. జాలి నేనే ఇప్పిన."

వెనకనున్న చేతులు ముందుకి తెచ్చి విప్పాడు. రెండు అరచేతుల్లోనూ తీగ కోతలు, ఉప్పు నీళ్లకి ఉబ్బి తెల్లగా తేలాయి.

అందరికంటే ముందు పేరయ్య ముఖం చిన్నబోయింది. దేవత చేసిందనుకున్న పని పక్కవాడు చేశాడని తెలిస్తే భక్తుడికి కొంచెం కష్టంగానే ఉంటుంది. ఒక్క క్షణం ఆ చేతుల వంకా, పసుపు గుంజ వంకా మార్చి మార్చి చూశాడు. తర్వాత దగ్గరికి వచ్చి ఆ అరచేతులు తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, ఆయమ్మకి సొంత సేతులేటుంటాయిరా? ఎవుడో ఒకడి సేతులే ఆడుకుంటది" అన్నాడు. "ముందే సెప్పొచ్చు గదరా, కొబ్బరికాయ నీ సేత కొట్టించేవోణ్ని."

హాజీ ఈ ముచ్చట చూసి ఇంకా మండిపడ్డాడు. "నా దొడ్డి! నా ఉప్పు తిన్నావు! నాకు చెప్పలేకపోయావా? ఎందుకు చేశావు?"

రాజనర్సుకి అరబ్బీ రాదు, హిందీ అంతంతమాత్రం. లోవమ్మ వైపు తిరిగాడు. "అక్కా, నేను జెప్పేది జెప్పినట్టు జెప్తవా? ఏం దాయద్దు."

"సెప్పు తమ్ముడూ."

"పోయిన నెల కాక లేని నాడు ఒకదాన్ని సంపిన్రు గద. గప్పుడు నాతోని తాడు వట్టిచ్చిండ్రు. దాని తోకకు గట్టిన్రు. కత్తి వెడ్తె నెత్తురు వోయి మాంసం ఖరాబైతదని గీ రాజు సేటు జెప్పిండు. తల నీల్లల్లనే ఉండాలె, ఊపిరి అందద్దు, గంతే నీ పని అన్నడు. అది పైకొస్తాంటె నేను గుంజిన. మల్లొస్తాంటె మల్ల గుంజిన. దానికి కొట్టుడు రాదు, కరుసుడు రాదు, ఒర్రుడు గూడ రాదు. ఊపిరి కోసం వస్తది, గంతే. మా అవ్వకు దమ్ము లేసినప్పుడు గట్లనే జేస్తది అక్కా, నోరు తెరిసి, మెడ సాపి. ఆఖరికి తాడు వదులైంది. గప్పుడు దాని పిల్ల అచ్చింది. సచ్చిన తల్లికాడ మూతి వెట్టి పాలు తాగవట్టింది."

ఆగాడు. లోవమ్మ అరబ్బీలో చెబుతూ చెబుతూ చివరి మాట దగ్గర తనూ ఆగిపోయింది. ఆవిడా బిడ్డల్ని వదిలి వచ్చిన తల్లే. ముఖం తుడుచుకుని ఆ మాట కూడా పూర్తి చేసింది.

"నాకు ముద్ద దిగలేదు" అన్నాడు రాజనర్సు. "అన్నం ముందట వెట్టుకుంటె చేతుల తాడు ఉన్నట్టే అనిపిస్తది. మల్ల ఇంకొకదానికి పట్టుమంటె నాతోని గాదు. అందుకే ఇప్పిన."

"నాకు చెప్పాల్సింది! యజమానిని నేను!" అన్నాడు హాజీ. గొంతు మాత్రం ఇందాకటంత గట్టిగా లేదు.

రాజనర్సు తల ఎత్తి ఆయన్ని చూశాడు. ఇంతవరకూ లోవమ్మని చూసి మాట్లాడినవాడు ఇప్పుడు సూటిగా ఆయనతోనే అన్నాడు.

"నువ్వు గూడ జూడలే హాజీ. నువ్వు పడవ క్యాబిన్ల గూసొని రేడియో పెద్దగ వెట్టినవ్."

లోవమ్మ హాజీ వంక చూసింది. ఈ మాట ఎలా చెప్పాలి? చెబితే ఇద్దరి బతుకూ గోవిందా. నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరవబోయింది. హాజీ చెయ్యి ఎత్తి ఆపాడు.

"చెప్పనక్కర్లేదు. రేడియో అన్నాడు, నాకు అర్థమైంది."

ఆటు నీళ్లు జాలీలోంచి బయటికి పోతున్న చప్పుడు వినిపిస్తోంది. హాజీ దొడ్డి అడుగున బురదలో ఉన్న రెండు చాళ్ల వంక చూస్తూ నిలబడ్డాడు. ఒకటి వెడల్పుది, పక్కనే సన్నది. తల్లీ పిల్లా పొట్టలు ఈడ్చుకుంటూ వెళ్లిన జాడలు. ఆయన మనసు మెత్తబడుతోందని వెంకటరాజు పసిగట్టాడు. బూట్లు తడిసినా పరవాలేదని నీళ్లలోకి దిగాడు.

"ఏంట్రా నర్సూ ఈ ఏడుపు? మొన్న మ్యాచ్ రోజు నా షాపులో టీవీలో చూశావుగా! కెనడాలో మంచు మీద సీల్ పిల్లల్ని దుడ్డుకర్రలతో బాదుతున్నారు. ఒకటా రెండా, వేలకి వేలు. చదువుకున్న దేశం, డబ్బున్న దేశం. కోట్లకి తోలు కావాలి, బాదారు, ఒలుచుకున్నారు. ప్రభుత్వమే చీటీ ఇచ్చి పంపిస్తుంది. వాళ్లు చేస్తే వ్యాపారం, నేను చేస్తే పాపమా?" తెలుగులో ఒకసారి, అరబ్బీలో ఒకసారి దంచేశాడు.

నిజమే, టీవీలో వచ్చింది. ప్రపంచ కప్పు మ్యాచ్‌కి మధ్య విరామం వస్తే ఎవరో వార్తలు పెట్టారు. కుక్కపిల్ల కళ్ల లాంటి పెద్ద కళ్లున్న జంతువులు మంచు మీద పాకుతున్నాయి. చివర ఇనప కొక్కెమున్న కర్రలు పట్టుకుని మనుషులు వాటి వెంట నడుస్తున్నారు. పరుగెత్తడం కూడా లేదు, అవి పారిపోలేవు కాబట్టి. కర్ర లేచింది, దిగింది. తెల్లటి మంచు మీద ఎర్రటి చారలు. తోలు ఒలిచి, మిగతాది అక్కడే పారేసి పోతున్నారు. టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు కింద పెట్టేశారు. వెంకటరాజు లేచి ఛానల్ తిప్పేశాడు.

"సగమే జెప్పినవ్ సేటు" అన్నాడు రాజనర్సు. "నువ్వు ఛానల్ తిప్పకముందు మిగిలింది నేను జూసిన. ఒక ముసలామె ఓ సీల్ పిల్ల మీద బోర్ల పడుకున్నది. కర్ర వట్టినోడు కొట్టలేక నిలవడ్డడు. ఎనుక ఇంక నలుగురు. ఆల్ల దగ్గర కర్రల్లేవు, కత్తుల్లేవు. రంగు డబ్బలున్నయి. పిల్లల ఈపుల మీద రంగు వూస్తున్నరు. రంగు వడ్డ తోలు ఎవడు గొనడట. గట్ల పాణం కాపాడుతున్నరు."

పేరయ్య ముఖం ఒక్కసారిగా వెలిగిపోయింది. "ఏటీ, రంగు రాత్తన్నారా? అయితే ఆళ్లూ మనలాగే బొట్టు పెట్టి ఒదుల్తన్నారన్నమాట!"

లోవమ్మకి ఆ కంగారులోనూ నవ్వొచ్చింది. నవ్వుతూనే హాజీకి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"ఆ ముసలామెని ఏం చేశారు?" అని అడిగాడు.

"ఎరుకలేదు. సేటు మ్యాచ్ వెట్టిండు" అన్నాడు రాజనర్సు.

హాజీ చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. నిమిరిన చోటల్లా పసుపు అంటింది, ఆయనకి తెలియలేదు, చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. తర్వాత వెంకటరాజుతో నెమ్మదిగా అన్నాడు:

"మా నాన్న కాలంలో దొడ్డిలోకి ఒకటి వస్తే అల్లా పంపాడనుకుని ఊరంతా పంచుకు తిన్నాం. అది తప్పని నేననను. కానీ ఫ్రీజర్లు నింపడానికి వాటి వెంట ఎవరూ పడలేదు. తాడు పట్టి ఊపిరి ఆపడం నేను చూడలేకపోయాను. చూడలేని పని నా పడవ మీద జరగకూడదు. నీ బండి తీసుకుపో వెంకట్."

ఆ మాటలు లోవమ్మ తెలుగులో చెప్పేసరికి రాజనర్సు వంగి, తెగిన జాలీ అంచు పట్టుకున్నాడు. హాజీ అతని వైపు వేలు చూపించాడు.

"నువ్వు! ఈ జాలీ నువ్వే కట్టాలి. పోయిన చేపలకి నేను తిట్టే తిట్లన్నీ నువ్వే తినాలి. ఇకమీద పైకొచ్చి ఊపిరి పీల్చేది ఏది లోపలికొచ్చినా తలుపు తియ్యి, నన్ను అడగొద్దు." రెండడుగులు వేసి మళ్లీ తిరిగాడు. "చేపలకి తియ్యకు!"

పేరయ్య సంతోషం పట్టలేక రాజనర్సు వీపు మీద ఒక్కటి చరిచాడు. నాకైతే ఇక్కడితో శుభం కార్డు వేసేసి మిమ్మల్ని ఇళ్లకి పంపేయాలనే ఉంది. కానీ వెంకటరాజు ఇంకా గట్టు మీదే ఉన్నాడు. బూట్లలోని నీళ్లు ఒంపుకుంటూ, అసలు ఏమీ జరగనట్టు, చల్లగా అన్నాడు:

"హద్రా మీది హాజీ, కాదనను. గడ్డి కాలవ మీది కాదుగా!"

తన బండి ఎక్కి వెళ్లిపోయాడు.

గడ్డి కాలవ అంటే హద్రాకి అవతల, లోతు తక్కువ నీళ్లలో సముద్రపు గడ్డి మొలిచిన పొడుగాటి తావు. పోటు ఎక్కేటప్పుడు ఆ జంతువుల మంద మేతకి వచ్చేది అక్కడికే. వదిలిపెట్టిన తల్లీ పిల్లా చేరేదీ అక్కడికే. పేరయ్య కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ వైపు చూశాడు.

"హాజీ, నిన్నట్నించీ ఎవుళ్లదో బోటు అక్కడక్కడే తిరుగుతందండీ. సేపలకనుకున్నాను" అన్నాడు. లోవమ్మ ఆ మాట గబగబా హాజీకి చెప్పింది.

పోటు మొదలైంది. జాలీలోంచి నీళ్లు ఇప్పుడు లోపలికి వస్తున్నాయి.

"యల్లా!" అన్నాడు హాజీ.

ముగ్గురూ పడవ ఎక్కారు. అన్నం గిన్నె గట్టు మీద పెట్టేసి లోవమ్మ కూడా ఎక్కింది. దిగమనడానికి ఎవరికీ వ్యవధి లేదు. ఇంజన్ హోరుమంది. కాలవ దగ్గరికి వచ్చేసరికి ముందుగా నీళ్ల మీద తేలుతున్న తెల్లటి బెండ్లు కనిపించాయి. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి, కాలవ అడ్డంగా, వరసగా. పెద్ద కన్ను వల. వేసినవాళ్ల బోటు దూరంగా లంగరు వేసి ఉంది. అందులో ఉన్నవాళ్లు లేచి నిలబడి వీళ్ల వైపు చూస్తున్నారు.

"అదుగో" అంది లోవమ్మ.

బెండ్లకి అవతల నీళ్ల మీద ఒక ముక్కు లేచింది, ఫూ అని ఊపిరి వదిలింది, మునిగింది. దాని వెనక ఇంకోటి. ఇంకోటి. మంద వస్తోంది. తల్లుల పక్కన చిన్న ముక్కులు కూడా లేస్తున్నాయి. రాజనర్సు జీవితంలో అన్నిటిని ఒక్కచోట చూడలేదు.

సరిగ్గా అప్పుడే వరస మధ్యలో రెండు బెండ్లు ఒక్కసారిగా నీళ్లలోకి పోయాయి. పైకి రాలేదు.

"పడింది" అన్నాడు పేరయ్య. "పైకి రాలేపోతే ఎక్కువసేపు బతకదండీ."

హాజీ ఇంజన్ ఆపేశాడు. బల్ల కింది కత్తి తీశాడు. తీసి, చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఆయన తాత, తండ్రి, తనూ ఈ సముద్రం మీదే బతికినవాళ్లు. పక్కవాడి వల మీద కత్తి పెట్టడం వాళ్లలో లేదు. పేరయ్య వైపు చూశాడు. పేరయ్య తల అడ్డంగా ఊపాడు. ఉప్పాడలోనూ అంతే. వల కొయ్యడం అంటే ఎదుటివాడి అన్నం కుండ తన్నడమే.

మూడో బెండు కూడా మునిగింది.

హాజీ కత్తి పిడిని రాజనర్సు వైపు తిప్పాడు. "నువ్వు చేపలు పట్టేవాడివి కాదు" అన్నాడు హిందీలో, అతనికి అర్థమయ్యేలా, ఒక్కో మాటా విడదీసి. "వల వెంకట్‌ది. కోస్తే కేసు పెడతాడు. పోలీసులు నీకోసమే వస్తారు. నేను ఆపలేను. ఇతను నా మనిషి అని మాత్రం చెబుతాను. అంతే చెయ్యగలను."

అవతలి బోటు ఇంజన్ మొదలైంది. వాళ్లు ఇటే వస్తున్నారు, చేతులు ఊపుతూ అరుస్తున్నారు. లోవమ్మ, "తమ్ముడూ, మీ అమ్మ..." అని, ఇక ఏం చెప్పాలో తెలియక ఆగిపోయింది.

రాజనర్సు కత్తి తీసుకున్నాడు. పుండ్లు పడిన అరచేతిలో పిడి మంట పుట్టించింది. పడవ అంచు మీదికి వంగి, వల పైతాడు ఎడం చేత్తో పట్టుకుని దగ్గరికి లాగాడు. తాడు బరువుగా ఉంది. అవతల ఏదో కొట్టుకుంటోంది, ఆ కదలిక అతని చేతికి తెలుస్తోంది.

"యాడ గోయాలె కాకా?" అన్నాడు వెనక్కి తిరగకుండానే. "జెప్పు. జల్ది జెప్పు!"

ఇన్నేళ్లుగా వలలు కుట్టడమే తప్ప కొయ్యడం ఎన్నడూ ఎరగని పేరయ్య చెప్పడానికి నోరు తెరిచాడు.